రాజవ్వ సున్నం డబ్బీ, నా పసుపు పరీక్ష

ఈ సంగతి నేను కాగితం మీద పెట్టకపోతే ఆర్మూర్ నన్ను ప్రశాంతంగా బతకనివ్వదు. ఇప్పటికే ఊళ్లో దీనికి మూడు కథలు తిరుగుతున్నాయి. మార్కెట్ యార్డు ముందు చాయ్ హోటల్లో చెప్పుకునే కథలో నేను పసుపు బస్తాలో యాసిడ్ పోసి పేల్చేశానట. బాల్కొండ ఆటోవాళ్ల కథలో పోలీసులు కూడా వస్తారు. మూడోది మా ఆవిడ చెప్పేది. అది అన్నిటికన్నా ఘోరం, ఎందుకంటే నిజానికి చాలా దగ్గరగా ఉంటుంది. కాబట్టి నేను చేసిన అనర్థాన్ని చేసినట్టే రాసి, నన్ను అందులోంచి గట్టెక్కించినవాళ్లకు దండం పెట్టుకోవడం నా ధర్మం.

నా పేరు లింబాద్రి. ఆటో నడుపుతాను. పదో తరగతి లెక్కల పరీక్ష దగ్గర నా చదువు ఆగింది గానీ నేను ఆగలేదు. జక్రాన్‌పల్లి ట్రిప్పుకూ బాల్కొండ ట్రిప్పుకూ మధ్య గ్రంథాలయంలో కూర్చుంటాను. వైద్యం, ఖగోళం, కోళ్ల పెంపకం, ఏదీ వదల్లేదు. ఈ సంగతి జరిగిన రోజుల్లో, నాకు తెలియనిదంటూ ఏదైనా ఉంటే అది మా గ్రంథాలయానికి ఇంకా చేరలేదని గట్టిగా నమ్మేవాణ్ని.

మా అక్క పేరు గంగమణి. బావ మస్కట్‌లో పనిచేస్తాడు. అక్క ఏళ్ల తరబడి ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టింది. కూర్చుంటే లేవలేనంతగా నడుము పట్టేసేది. ఆ యేడు ధైర్యం చేసి చాటను గోడకు తగిలించి, సొంత చేని పసుపును గిర్నిలో పట్టించి ప్యాకెట్లు కట్టడం మొదలుపెట్టింది. నిజామాబాద్ నుంచి శంకర్ సేటు అనే కిరాణా వ్యాపారి సరుకు చూడ్డానికి వస్తానన్నాడు. నచ్చితే నెలనెలా ఆయనే కొంటాడు. నచ్చకపోతే చాట మళ్లీ ఒళ్లోకి వస్తుంది. ఇందులో నాకు అప్పజెప్పింది ఒకే ఒక్క పని. సేటును బస్టాండులో ఎక్కించుకుని అక్క ఇంటి ముందు దించాలి.

ఒక్క పనితో తృప్తిపడే మనిషినా నేను?

ముందురోజు సాయంత్రం గ్రంథాలయంలో ఒక పాత పత్రిక తిరగేస్తుంటే, ఇంట్లోనే కల్తీని కనిపెట్టడం ఎలా అని ఒక వ్యాసం కనబడింది. పసుపు కలిపిన నీళ్లలో ఏదో ఒక ఘాటైన ద్రవం చుక్కలు వేయాలి, ఎర్రబడితే కల్తీ ఉన్నట్టు. నోట్‌బుక్కులో ఎక్కించుకుంటుంటే గ్రంథాలయం విఠల్ సారు తాళంచెవులు గలగలలాడించాడు. ఆ ద్రవం పేరు రాసుకోకుండానే పత్రిక మూసేశాను. పరవాలేదు, మిగతాది సొంత తెలివితో పూరిద్దామనుకున్నాను. ఘాటైనదంటే నాలుకను కాల్చేది. నాలుకను కాల్చేదంటే సున్నం. ఇక తిరుగేముంది?

మీలో కొందరు అప్పుడే నవ్వుతున్నారని తెలుసు, ముఖ్యంగా ఆడవాళ్లు. కాస్త ఓపిక పట్టండి, కథలో నాకింకా తెలియదు.

అక్క వాళ్ల అత్త రాజవ్వకు ఆకూ వక్కా నమలనిదే పొద్దు గడవదు. మర్నాడు పొద్దున్నే ఆమె సంచిలోంచి గుండ్రటి సున్నం డబ్బీ తీసి, దాన్ని అడుగంటా గీకి, ఖాళీ దగ్గుమందు సీసాలో నీళ్లు పోసి కలిపాను. సున్నం అడుగుకు దిగాక పైన తేట నిలిచింది, అచ్చం ప్రయోగశాల సరుకులా. డబ్బీని తిరిగి సంచిలో పెడదామని చొక్కా జేబులో వేసుకుని, అక్కడే మరిచిపోయాను.

సేటును ఎక్కించుకున్నాక దారి పొడవునా పసుపు గుణాల మీద ఉపన్యాసం ఇచ్చాను. "మస్తు చదివినట్టున్నవ్ తమ్మీ" అన్నాడాయన. ఆ ఒక్క మాటకు పొంగిపోయి ఎదురొచ్చిన ఎద్దుల బండికి దారివ్వడం మరిచాను. ఎద్దులే నాకు దారిచ్చాయి.

అక్క వాకిట్లో సేటు కుర్చీలో కూర్చుని, పొడిని వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, తృప్తిగా తలూపాడు. బేరం కుదిరినట్టే. అప్పుడు నేను నోరు మూసుకుని ఉంటే మీకు ఇది చదివే శ్రమ తప్పేది.

"సేటూ, వాసన జూసి నమ్ముడేంది? సైన్సు తోటి చూపిస్త, ఆగు" అన్నాను.

"ఏమొద్దు తమ్మీ, చాయ్ తాగు" అంది అక్క. పుట్టినప్పటి నుంచి ఎరుగును కదా నన్ను.

లోపలి నుంచి రాజవ్వ గొంతు వినబడింది. "గంగమణీ, నా సున్నం డబ్బ జూసినవా?"

"చూడలేదత్తా."

గాజు గ్లాసులో నీళ్లు పోసి, చిటికెడు పొడి కలిపి, మంత్రం వేసేవాడిలా సీసా వంచాను. పచ్చటి నీళ్లు క్షణంలో మేక నెత్తురు పట్టిన గిన్నెలా ఎర్రబడ్డాయి.

సేటు చేతిలో చాయ్ కప్పు గాల్లోనే ఆగింది. ఏమిటది అని అడిగాడు. ఎర్రగైతే కల్తీ ఉన్నట్టని చెప్పాను. అవును, నేనే చెప్పాను. జ్ఞానం తోడబుట్టినవాళ్లను కూడా ఉపేక్షించదు.

అక్క ముఖం పాలిపోయింది. "నా చేన్ల తవ్విన, నా చేతులతోటి ఉడకబెట్టి ఎండవోసిన. అండ్ల ఎవలు కలిపిండ్రు తమ్మీ?"

నేను తడుముకోకుండా గిర్ని మీద అనుమానం పెట్టాను. గిర్ని పోశెట్టి ఆ సందు చివరే ఉంటాడు. కబురు అందగానే తల నుంచి కాళ్ల దాకా పసుపు ధూళితో వచ్చి, తన ఇంట్లో వాడే పసుపు డబ్బాను నా ముందు కొట్టినట్టు పెట్టాడు. "గీనికి గూడ పొయ్యి, చూద్దం."

పోశాను. రెండో గ్లాసూ ఎర్రబడింది. పోశెట్టి అరుగు మీద కూలబడ్డాడు. "గిన్నేండ్ల సంది నేను గిదే తింటున్ననా?"

ఆఖరి ప్రయత్నంగా వాకిట్లోని పసుపు కుప్పలోంచి ఒక కొమ్మును ఏరి, అందరి కళ్ల ముందే రోట్లో దంచి, కలిపి, పోశాను. మూడో గ్లాసూ అంతే ఎరుపు. అప్పటికి గోడవతల నుంచి పక్కింటివాళ్ల తలలు లేచాయి. ఆర్మూర్ నేలలోనే ఏదో దోషం ఉందని, దీన్ని పై అధికారులకు రాయాలని నేను గంభీరంగా ప్రకటించాను.

"పొద్దుగాల సంది ఒక్క ఆకు నమల్లె, నా సున్నం డబ్బ ఏడవడ్డది?" అంటూ రాజవ్వ మంచం కింద వెతుకుతోంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికారని వింటాం. ఇక్కడ పిల్ల ఒకరి జేబులో ఉంది, వెతుకులాట ఇంకొకరిది.

సేటు లేచాడు. "తమ్మీ, నన్ను బస్టాండుల దించు."

అక్క నన్ను ఒక్క మాట అనలేదు. గోడకు తగిలించిన చాట వైపు చూసింది, అంతే. ఆ చూపు ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది.

సేటు సంచి అందుకుందామని వంగాను. జేబులోంచి డబ్బీ జారి, వాకిలంతా దొర్లుకుంటూ పోయి, అప్పుడే గడప దాటుతున్న రాజవ్వ కాళ్ల దగ్గర ఆగింది. ఆమె దాన్ని తీసి మూత తెరిచింది. ఖాళీ. మూడు గ్లాసుల వైపు చూసింది. సీసా అందుకుని, ఒక చుక్క వేలితో నాలుకకు రాసుకుంది.

"పసుపుల సున్నం గలిపితే ఎర్రనీళ్లు గాక పాలైతయారా?"

ఆమె ఇంకా ముగించలేదు. "నీ పెండ్లిల నీకు దిష్టి దీసింది గీ నీళ్లతోనే కొడుకా. అప్పుడు గూడ పుస్తకమే జూస్తున్నవా?"

మొదట నవ్వింది అక్క, కళ్లు తుడుచుకుంటూ. తర్వాత గోడవతలివాళ్లు. సేటు మళ్లీ కుర్చీలో కూర్చుని పొట్ట పట్టుకున్నాడు. "నా పెండ్లిల తిప్పిండ్రు, కొడుకు పుడితె తిప్పిండ్రు, గృహప్రవేశానికి తిప్పిండ్రు. గవి ఏం నీళ్లని ఒక్కనాడన్న అడగలె" అన్నాడు. పోశెట్టి కూడా అడగలేదట. మేం ముగ్గురు మగవాళ్లం ఆ మూడు గ్లాసుల ముందు తలలు దించుకున్నాం.

నవ్వు తగ్గాక సేటు గ్లాసులను పక్కపక్కన పెట్టి చూశాడు. "దంచిన కొమ్ము ఎంత ఎర్రగైందో నీ పొడి గంతే ఎర్రగైందమ్మా. ఇగ నాకు వేరే పరీక్ష ఎందుకు? నెలనెల పంపియ్యి." ఒక షరతు కూడా పెట్టాడు. "మీ తమ్ముని ఆటోలనే పంపు. గని ఆయన మాట్లాడొద్దు."

రాజవ్వ ఆ ఎర్రనీళ్లను వృథా పోనిస్తుందా? మూడు గ్లాసులూ తాంబాళంలో ఒంపి, సేటుకు, అక్కకు, పసుపు కుప్పకు దిష్టి తీసింది. నాకు మాత్రం రెండుసార్లు తిప్పింది. చదువుకున్నోని దిష్టి ఒక్కసారికి పోదట.

పాడు చేసిన వేలు నాది ఒక్కటే, బాగు చేసిన చేతులు ఎన్నో. ఒక్క ఆకు కోసం ఇల్లంతా గాలించి నన్ను కాపాడిన రాజవ్వత్తమ్మకు. నా నిందను మరిచి మర్నాడే అక్క పసుపు పట్టిన పోశెట్టికి. తన అజ్ఞానాన్ని కూడా ఒప్పుకుని నాకు తోడు నిలిచిన శంకర్ సేటుకు. ఆ పత్రిక వెతికి తీసి, "ఆమ్లం" అన్న మాట మీద వేలు పెట్టి చూపించి, నేను మెట్లు దిగేదాకా నవ్వు ఆపుకున్న విఠల్ సారుకు. చాటను ఇవాళ్టికీ గోడ మీంచి దించని మా గంగమణక్కకు, ఆ రోజు నన్ను తిట్టనందుకు. అందరికీ దండాలు, శనార్తులు.

ఇకమీదట సగం చదివిన పేజీతో ఎవరి వాకిట్లోనూ అడుగుపెట్టనని, ఇంట్లో ఏ వస్తువు కనబడకపోయినా ముందు నా జేబులే తడుముకుంటానని, సున్నం డబ్బీ మీద చేయి వేసి ప్రమాణం చేస్తున్నాను. డబ్బీ అత్తమ్మదే. ఈసారి అడిగి తెచ్చుకున్నాను.