హల్వాలోంచి ఏరేసిన జీడిపప్పు

నవరాత్రుల్లో అష్టమి పొద్దున ఢిల్లీలో ఆడపిల్లలకు కాలు ఒకచోట నిలవదు. ప్రతి ఇంటివాళ్లూ అమ్మవారి రూపమని పిలిచి, కాళ్లు కడిగి, ఎర్ర చున్నీ కప్పి, పూరీ, శనగలు, హల్వా పెడతారు. మేముండే ఆర్.కె. పురం క్వార్టర్లలో ఆ పూట మెట్లనిండా పట్టీల చప్పుడే.

మా మనవరాలికి జీడిపప్పు పడదు. పడదంటే దద్దుర్లతో పోయేది కాదు. ఒకసారి పాయసం రెండు చెంచాలు తిందో లేదో, గొంతు బిగిసి ఊపిరి అందక కొట్టుకుంది. అప్పటినుంచి మా ఇంట్లోకి జీడిపప్పు రాలేదు. తొడలో పొడిచే ఇంజెక్షన్ ఒక చిన్న సంచిలో పెట్టి, పిల్ల ఎటు వెళితే అటు పంపిస్తాం. పాతబడిపోయిన ఇంజెక్షన్‌తో మా అమ్మాయి నాకు బత్తాయికాయ మీద పొడవడం నేర్పింది.

ఒక అష్టమినాడు అమ్మాయీ అల్లుడూ ఆఫీసుకు వెళ్లారు. నేను స్నానం చేసి వచ్చేసరికి పిల్ల లేదు. సంచి మాత్రం తలుపు కొక్కేనికి వేలాడుతోంది. కొత్త లంగా మీదికి బాగోదని దాన్ని వదిలేసి, స్నేహితురాళ్ల వెంట పోయింది.

సంచి గుండెకు అదుముకుని, తడిజుట్టుతోనే పరుగెత్తాను. ఎదురింట్లో అడిగితే "అభీ గయీ, ఆంటీజీ" అన్నారు, ఇప్పుడే వెళ్లిందట. పై అంతస్తులోనూ అదే మాట. నాకొచ్చిన హిందీ కూరగాయల బండి దగ్గరికి సరిపోయేదే. "కాజూ నహీ! బచ్చీకో కాజూ నహీ!" అని మెట్ల మీద అరుస్తుంటే ఒక పెద్దావిడ నవ్వి, "మాతా కా ప్రసాద్ హై, కుఛ్ నహీ హోతా" అంది. అమ్మవారి ప్రసాదం ఏమీ చెయ్యదట. ఆ క్షణాన అమ్మవారినే తిట్టాలనిపించింది నాకు.

వెనక బ్లాకులో, కింది ఇంట్లో దొరికింది. పిల్లలంతా వరసగా కూర్చుని తింటున్నారు. మాది మాత్రం గొంతు పట్టుకుని దగ్గుతోంది. పెదవులు ఉబ్బిపోయాయి.

ఇంజెక్షన్ మూత లాగి, లంగా మీదినుంచే తొడలో పొడిచి పట్టుకున్నాను. పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టాను. "గాడీ! హాస్పిటల్!" అని అరిచాను. ఆ ఇంటాయన కారు తీశాడు. దారంతా పిల్ల ఛాతీ మీద చెయ్యి వేసి, అది లేస్తోందా లేదా అనే చూశాను. లేచిన ప్రతిసారీ, ఇంకోసారి లేస్తుందా అని ఏడ్చాను.

ముందు సీట్లో ఆ ఇంటావిడది ఒకటే మాట. "ఇస్‌నే బతాయా థా, ఆంటీజీ. మైనే సారే కాజూ నికాల్ దియే థే." పిల్ల ముందే చెప్పిందట. ఆవిడ హల్వాలోంచి జీడిపప్పులన్నీ ఏరేసి పెట్టిందట. నేతిలో వేగి, హల్వాలో ఉడికినదాన్ని పైనుంచి ఏరేస్తే పోతుందా? తిట్టడానికి నోరు తెరిచాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నాకంటే ఎక్కువ ఏడుస్తోంది. మళ్లీ పిల్ల ఛాతీ వైపే తిరిగాను.

మళ్లీ తిరగబెడుతుందేమోనని ఆస్పత్రిలో చాలాసేపు ఉంచుకున్నారు. పిల్ల కళ్లు తెరిచి, "అమ్మమ్మా, మైనే ఆంటీకో బోలా థా" అంది.

"చెప్పావులే తల్లీ" అన్నాను. చెప్పినా చాలలేదు.

ఇప్పుడు అష్టమికి హల్వా మా మూకుట్లోనే చేసి, డబ్బాలో పెట్టుకుని నేనే వెంట వెళతాను. ఆ ఇంటావిడ గుమ్మంలోనే "డబ్బా లాయీ?" అని, తెచ్చానో లేదో అడిగి, పిల్ల కాళ్లు కడిగి, మా డబ్బాలోదే అమ్మవారికి చూపించి పెడుతుంది. పిల్ల నవ్వుతూ తింటుంది. అది తిని, లేచి, ఆటలో పడేదాకా నాకు ఊపిరాడదు. సంచి నా పిడికిట్లోనే ఉంటుంది.