చిటపటలాడగానే దించాల్సిన కాఫీ గింజలు

మా చిన్నప్పుడు... ఎనభైల్లో, అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లోని మా వంటింట్లో, పొయ్యి మీద ఇనుప మూకుడు, అందులో సోలెడు పచ్చి కాఫీ గింజలు, గరిటె పట్టుకుని నేను...

మా తెలుగు చర్చిలోని పాల్ అంకుల్ ఇచ్చిన గింజలవి. వాళ్ల అన్నయ్య మన్యం కొండల్లో కాఫీ తోట కూలీ. ఈ గింజలు కాసే పాత రకం చెట్లు సరిగ్గా కాయడం లేదని పీకేస్తున్నారట. ఇదే ఆఖరి కాపు. కాఫీ గురించి తెగ చదువుతావు కదా, నువ్వే వేయించు తల్లీ అని నా చేతిలో పెట్టారు.

చదివేదాన్ని మరి... లైబ్రరీ బయట పంచే కరపత్రాలన్నీ. తోట కూలీల కష్టాలు, గింజ అసలు రుచి, దాన్ని పాలూ పంచదారా ఎలా చంపేస్తాయో... పదహారేళ్లకే నాకు అన్నీ తెలుసు! ఆదివారం ఆరాధన అయ్యాక అందరిచేతా పాలు లేకుండా తాగించి, ఆ కూలీల గురించి మాట్లాడాలని నా పంతం.

లేతగా వేయించాలి, మొదటి చిటపట వినబడగానే దించేయాలి అని కరపత్రంలో ఉంది. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. చిటపటలాడగానే దించెయ్యమని అమ్మకి చెప్పి వెళ్లాను.

వచ్చేసరికి ఇల్లంతా పొగ. గింజలు నల్లగా, నూనె కక్కుతూ...

"చిటపట ఆగాకే కదే ఆవాలైనా దించేది. ఇవి ఆగి మళ్లీ మొదలెట్టాయి. అదీ ఆగేదాకా చూశా" అంది అమ్మ.

ఒళ్లు మండిపోయింది. అది చాలదన్నట్టు ఆదివారం చికోరీ, పాలు, పంచదార దట్టించి ఫ్లాస్కుల్లో పోసి తెచ్చింది. చర్చి హాల్లో అందరి ముందూ అరిచాను... మీకు కూలీల కష్టం అక్కర్లేదు, పాయసం తాగండి అని.

పాల్ అంకుల్ మాత్రం కళ్లు మూసుకుని కప్పు ఖాళీ చేశారు.

"మా అన్నయ్యా వాళ్లూ ఇలాగే మాడ్చి, బెల్లం వేసుకుని తాగుతారమ్మా. ఇంకొక్క కప్పే మిగిలింది... నువ్వు తాగు."

తాగలేదు. చుక్క కూడా ముట్టలేదు.

ఇప్పుడు షాపులో ఏ ప్యాకెట్ చూసినా తోట పేరు, కొండ ఎత్తు, రైతు ఫోటో... నేను అప్పట్లో అరిచి అడిగినవన్నీ ఉన్నాయి. పీకేసిన ఆ రకం మాత్రం ఎక్కడా లేదు. దాని రుచి ఎలా ఉండేదని ఎవరైనా అడిగితే... ఆ రోజు హాల్లో తాగనిది నేనొక్కదాన్నే.

పంతానికి పోయి మీరు పోగొట్టుకున్న రుచి ఏదైనా ఉందా? ఉంటే రాయండి... ఈ తిక్క నా ఒక్కదానిదే కాదని తెలిస్తే, నా మీద నాకున్న కోపం కాస్తయినా తగ్గుతుందేమో.