కొస మడత

కాశీబుగ్గలో మా ఇంటి ముందు గదే నాన్న స్టూడియో. ఆయన పోయాక దాన్ని ఖాళీ చేస్తుంటే ఫిల్ము కడిగే మందు, నాలుగు పాత డెవలపర్ పొట్లాలు దొరికాయి. పారేసే ముందు పరీక్షించాలనిపించింది. ఫిల్ము ముక్కను వెలుతురులోనే మందులో ముంచితే, మందు పాడవకుండా ఉంటే ముక్క నల్లబడుతుంది. నాన్న నేర్పిన పరీక్షే.

బీరువాలో ఒకే రీలుంది. వాడిన రీలైతే కొస లోపలికి చుట్టుకుపోతుంది; దీని కొస బయటికే ఉంది కాబట్టి వాడనిదే అనుకున్నాను. పెరట్లో, ఎండలో, మొత్తం లాగేశాను. మడిచి ఉన్న కొస అడ్డొస్తోందని కత్తిరించి పారేశాను. నాలుగు గిన్నెల్లో మందు కలిపి నాలుగు ముక్కలు ముంచాను. నాలుగూ నల్లబడ్డాయి.

"మందు బాగుందే అమ్మా!" అని సంబరంగా అరిచాను.

అమ్మ వచ్చి రీలు డబ్బా చూసింది. "అందులో మీ సెల్లి ఆకరి ఫొటోలున్నాయి బాబూ. అది పోయాక కడగడానికి మీ నాన్నకి మనసొప్పలేదు. అలాగే దాసీసారు" అంది.

ఫొటోలు తీయడం అయిపోయిన రీలుకు, గుర్తుగా, నాన్న కొస మడిచిపెట్టేవారు. ఆ గదిలోనే పెరిగిన వెధవని, నాకు తెలియదా?

కడగని రీలుకు ఎండ తగిలితే ఒక్క ఫొటో కూడా మిగలదు. అమ్మ మాత్రం తడి ముక్కలను ఒక్కొక్కటిగా ఎండకెత్తి, చెల్లి కోసం వెతికింది.