ఇంటింటా అన్నం తిని వెళ్లిన మేస్త్రీ

పొద్దున్న టీవీలో మళ్లీ చూపించారు, పిల్లలూ. ఎక్కడో యుద్ధం మొదలైందట, మనవాళ్లను తీసుకురావడానికి ప్రభుత్వం విమానాలు పంపిందట. మెట్లు దిగుతున్న ఒక్కొక్కరి నోటి దగ్గరా మైకు పెట్టి, ఎలా ఉందని అడుగుతున్నారు. ఏం చెబుతారు పాపం, చేతిలో సంచీ, కళ్లనిండా నిద్ర. మీ అమ్మ ఫోన్ చేసి, "అది సూడకమ్మా, నీకు బీపీ పెరిగిపోద్ది" అంది. కట్టేశాను. టీవీ కట్టేసినంత సులువుగా గుండె దడ ఆగుతుందా? మన ఇంటి వాడి కోసం నేనూ అలాంటి విమానానికి ఎదురుచూశాను. మీకు ఆ సంగతి ముక్కలు ముక్కలుగానే తెలుసు. ఇవాళ మొత్తం చెబుతాను.

మా తమ్ముడు, మీ చిన్నతాత, రిగ్గింగు మేస్త్రీ. పెద్ద పెద్ద ఇనుప దూలాలను క్రేనుకు కట్టి పైకెత్తించే పని. మన ఉద్దానం కుర్రాళ్లు జీడితోటల్లో పని లేనప్పుడు ఇదో వెల్డింగో నేర్చుకుని దేశాలు పట్టుకుపోతారు. ఒక ఎడారి దేశంలో ఫ్యాక్టరీ కడుతుంటే, వాడు మన ఊరి కుర్రాళ్లను ఓ జట్టుగా తీసుకుని బయల్దేరాడు. మా ఊళ్లో మేస్త్రీకి ఒక ఆనవాయితీ ఉంది. వెళ్లే ముందు రోజు, తనతో వచ్చే ప్రతి కుర్రాడి ఇంట్లోనూ కూర్చుని అన్నం తినాలి. ఆ కుర్రాడి తల్లే వడ్డించాలి. తిని చెయ్యి కడుక్కున్నాడంటే, ఆ పిల్లాణ్ణి మళ్లీ ఆ గుమ్మంలో దించే పూచీ తనది. అది పనసకాయల కాలం. ఏ ఇంటికెళ్లినా పనసపొట్టు కూరే, పైగా ప్రతి తల్లీ తనలా ఎవరూ వండలేరనిపించుకోవాలని మారు వడ్డించేది. సాయంత్రానికి మా ఎదురింటి వదిన గుమ్మం దగ్గర గోడ పట్టుకుని నిలబడిపోయాడు.

"వొదినా, ఒక్క ముద్దెట్టు సాలు. ఇంకొకటి తింటే ఇక్కడే పడిపోతాను."

"ఒక్క ముద్దకి కొడుకుని అప్పగించీడానికి నేనేటి పిచ్చిదాన్నా? కూకో" అని ఆవిడ ఆకు నిండా వడ్డించింది. ఒక్కడే కొడుకు ఆవిడకి. వాడికి పెళ్లై ఏడాది కూడా కాలేదు. ఆ రోజు మేమందరం పొట్ట పట్టుకుని నవ్వాం.

తర్వాత ఆ దేశంలో రెండు సైన్యాలు ఒకే పట్నంలో కొట్టుకోవడం మొదలుపెట్టాయి. ఫోన్లు కలిసేవి కావు. కలిస్తే మాట కన్నా వెనకాల ధన్ ధన్ మనే చప్పుళ్లే ఎక్కువ వినిపించేవి. నేను మేస్త్రీ అప్పను కదా, ఆడవాళ్లంతా మా అరుగు మీదికే చేరేవారు. పలాసలో జీడిపిక్కల పని చేసేవాళ్లు ఆ నల్లబడ్డ చేతులతోనే బస్సు దిగి, ఇంటికి కూడా పోకుండా వచ్చి కూర్చునేవారు. ఎదురింటి వదిన మాత్రం అరుగు చివర, ఎవరికీ అడ్డం కాకుండా కూర్చునేది.

మన విమానం వస్తోందన్నారు. కంపెనీ వాళ్లు జట్టును బస్సెక్కించి విమానాశ్రయానికి చేర్చారు. అయితే యుద్ధానికి ముందే వదిన కొడుకును ఆ పట్నం మధ్య పారే ఏటికి అవతల ఇంకో పనికి పంపించారట. వంతెన మూసేశారు. ఆ సాయంత్రం తమ్ముడు ఫోన్ చేశాడు. అందరూ వినాలని స్పీకర్ పెట్టాను.

"అప్పా, ఇమానం ఎదురుగానే ఉంది. పేర్లు సదివేత్తన్నారు. ఆడొక్కడూ రానేదు. నేనాగుతాను, మీరెక్కండర్రా అంటే, మేస్త్రీ నేకుండా ఎక్కం అంటన్నారు."

నా మరదలు, అంటే వాడి పెళ్లాం, ఫోన్ లాక్కుంది. "ఏటి సూత్తన్నావు? నువ్వెక్కితే ఆళ్లూ ఎక్కుతారు. ఇంతమంది తల్లులు ఇక్కడే కూకున్నారు, ఈళ్లకేటి సెప్పమంటావు?"

"మరి ఆ తల్లికేటి సెప్పమంటావు?" అన్నాడు. తర్వాత, "అప్పా, నువ్వు సెప్పు. నువ్వేటంటే అదే."

ఎక్కమందామంటే వదిన ఎదురుగా ఉంది. వద్దందామంటే మిగతా తల్లులందరూ నా మొహమే చూస్తున్నారు. ఫోన్ తీసుకెళ్లి వదిన చేతిలో పెట్టాను.

ఆవిడ కొంగుతో చెయ్యి తుడుచుకుని తీసుకుంది. "బాబూ, మీరు వొచ్చీండి. అంతమంది పిల్లలు. మావోడు... మావోడు ఎనకాల వొత్తాడులే."

అటువైపు ఇంజను హోరు పెరిగింది. ఆ హోరులోనే, "నీ సేతి కూడు తిన్నాను గదా వొదినా" అని పెట్టేశాడు.

విమానం వెళ్లిపోయింది. వాళ్ల సీట్లలో ఎవరో వేరేవాళ్లు వచ్చారు. మర్నాడే ఆ విమానాశ్రయం మీద బాంబులు పడ్డాయని టీవీలో చెప్పారు. "ఒక్కడి కోసం అందర్నీ సంపేత్తాడా మీ తమ్ముడు?" అని ఒకామె నా ముఖం మీదే అడిగింది. ఆ తర్వాత మా అరుగు మీదికి ఎవరూ రాలేదు, వదిన తప్ప. ఆవిడ వచ్చి పక్కన కూర్చునేది.

బాంబులు పడేసరికే జట్టు తిరిగి తమ బసకు పోయిందని తర్వాత తెలిసింది. వదిన కొడుకు ఎలాగో ఏరు దాటి, నడిచి నడిచి అక్కడికే వచ్చి జట్టును చేరుకున్నాడు. అందరూ కలిసి బస్సులో ఇంకో ఊరు పోయి, అక్కడికొచ్చిన వేరే విమానం ఎక్కారు. మన దేశంలోకి వచ్చేశామని పైలట్ చెప్పగానే లోపల అందరూ చప్పట్లు కొట్టారట. అందరూ ఎవడి కోసం ఆగారో ఆ మహానుభావుడు మాత్రం తమ్ముడి భుజం మీద నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడట. పలాస స్టేషన్లో రైలు దిగినప్పుడు, ఆ రోజు నన్ను నిలదీసినామే ముందు పరుగెత్తి మా తమ్ముడి చేతులు పట్టుకుని ఏడ్చింది.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. తర్వాత ఇంకో దేశంలో పని వచ్చి తమ్ముడు మళ్లీ ఇల్లిల్లూ తిరిగాడు. అందరూ కుర్చీ వేశారు, టీ ఇచ్చారు. అన్నానికి మాత్రం ఎవరూ కూర్చోమనలేదు, అంటే వాడి వెంట పిల్లాణ్ణి పంపమనే. ఎదురింటి వదిన కూడా తలుపు పట్టుకుని నిలబడి, "ఈ సారికి ఒద్దులే బాబూ" అంది. వాడు కోపం తెచ్చుకోలేదు. "ఆళ్ల తప్పేటుందప్పా? నేను ఎక్కకుండా ఒగ్గీసిన ఇమానమే ఆళ్ల కళ్లలో ఉండిపోనాది" అన్నాడు. ఇప్పుడు తోట చూసుకుంటున్నాడు. కుర్రాళ్లు ఏజెంట్ల వెంట ఎవరికి వారే పోతున్నారు.

మరి ఆ రోజు ఎక్కాల్సిందా, ఆగాల్సిందా అని నన్ను అడగకండి, పిల్లలూ. ఏళ్లు గడిస్తే తేలుతుందనుకున్నాను. గడిచిన ఏళ్లు నా భయాన్ని అరగదీశాయి గానీ, జవాబు మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.