తాగుడు వేరు, నాకుడు వేరు

ఇప్పటికీ చంటిపిల్లను ఎత్తుకుంటే ముందు ఆ నోటి దగ్గర వాసన చూస్తాను. ముద్దు పెడుతున్నానని అందరూ అనుకుంటారు. ఎందుకలా చేస్తానో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

2006లో వనపర్తిలో, మత్తు అలవాటు మాన్పించే ఒక చిన్న వార్డులో కౌన్సెలర్‌గా చేరాను. నలుగురిలో గొంతు పెగలని నాకు, పుస్తకంలో చదువుకున్న ఒక నమూనాయే ధైర్యం. అలవాటు మానాలంటే ముందు ‘ఇంటెన్షన్’, అంటే మానతానన్న గట్టి సంకల్పం, కలగాలి. అది మూడింటి మీద నిలుస్తుంది: ఆ అలవాటు గురించి మనిషి తానేమనుకుంటున్నాడు, కావలసినవాళ్లు ఏమంటున్నారు, మానగలనన్న నమ్మకం ఉందా లేదా.

పాన్‌గల్ వైపు నుంచి వచ్చిన బాలమణికి మూడూ ఉన్నాయి. మొగుడు ముంబైలో మట్టిపనికి పోతే, ఆమె వేరుశనగ చేలల్లో కూలి చేస్తోంది. ఏడాది దాటిన కూతురు చిట్టిని చంకన వేసుకుని అత్తతో వచ్చింది. ఆమె తాగే కల్లులో మత్తుమందు కలుపుతారు. ఒక్కసారిగా మానితే వణుకు, ఫిట్స్ వస్తాయి. దాన్ని ‘విత్‌డ్రాయల్’ అంటాం. అందుకే వార్డులో ఉంచుకుని, గోలీలిస్తూ మెల్లగా మాన్పిస్తాం.

“ఎప్పటి సంది తాగుతున్నవక్కా?”

“పెండ్లయినంక మేడం.”

“మానాలని ఎందుకనిపించింది?”

“పొద్దుగాల చేతులు వణుకుతున్నయి. బిడ్డె జారిపడతదేమోనని భయమైతుంది.”

“మానితే దీని కాళ్లు మొక్కుత” అంది అత్త.

“ఇంట్ల ఇంకెవరన్న తాగుతరా?”

“ఎవ్వరు తాగరు. అయినా గింత మెల్లగ అడిగితే తాగెటోళ్లకు ఇనపడతదా మేడం?” అని అత్తే నవ్వింది.

బాలమణి కుదుటపడుతోంది. చిట్టి మాత్రం పాలు ముట్టక ఒకటే ఏడుపు. కొత్తచోటు కదా అనుకున్నాం. ఒక మధ్యాహ్నం తల్లి ఒడిలోనే కళ్లు తేలేసింది. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. డాక్టరు పరుగున వచ్చి సూది వేశారు. జ్వరం లేదు, దెబ్బ లేదు.

“పాపకు కల్లు గిట్ల తాపినవా?” డాక్టరు అడిగారు.

“అయ్యో, పసిదానికి తాపుతనా సార్? నాకిస్త, గంతే. చేన్ల గెట్టు మీద పండబెట్టాలె గద. యేలు ముంచి నాకిస్తె పొద్దుగూకేదాంక లెవ్వది.”

“రోజూనా?”

“కూలికి పోయిన రోజల్లా.”

పక్కనే అత్త తలూపింది, అందులో దాచాల్సిందేమీ లేనట్టు.

వాళ్లు అబద్ధం చెప్పలేదు. వాళ్ల మాటలో తాగుడు వేరు, నాకుడు వేరు. తల్లికి గోలీలిచ్చి కాపాడాం. అదే పూట నుంచి మత్తు అందక విలవిల్లాడిన పసిదాన్ని ఎవరమూ చూడలేదు. నా నమూనా ‘నేను మానతాను’ అనే మనిషితో మొదలవుతుంది. చిట్టికి ఇంకా ‘నేను’ అన్న మాటే రాదు.

పాప బతికింది, మెల్లగా పాలు పట్టింది. ఆ తర్వాత వచ్చిన ప్రతి తల్లినీ “యేలు ముంచి నాకిస్తరా?” అని కూడా అడిగాను. చాలామంది అవునని తలూపారు. మనం అడిగే మాట వాళ్ల మాట కాకపోతే, నిజం ఎదురుగా కూర్చున్నా బయటికి రాదు.

ఇంటికి పోయే రోజు బాలమణి గుమ్మం దాకా వెళ్లి, చిట్టిని భుజం మార్చుకుని వెనక్కి వచ్చింది.

“ఎప్పటి సంది అనడిగినవ్ గద మేడం, పెండ్లయినంక అన్న. నిన్న మా అమ్మ చూడనీకొస్తె అడిగిన. నన్ను గూడ గట్లనే యేలు నాకిచ్చి గెట్టు మీద పండబెట్టిందంట.”