పెరటి తలుపు తోరణం

నేను ఏది చేసి చూపినా మా అత్త ముందు వేలితో మీటి చూసేది. గిద్దలూరుకు కాపురానికి వచ్చిన మొదటి దసరాకు, పాత చీరల జరీ అంచుల్లో సజ్జ కంకులు చేర్చి, వెనకటి తీరున వీధి గుమ్మానికి తోరణం కట్టాను. ఆమె మీటింది, విప్పింది, తీసుకుపోయి పెరటి తలుపుకు కట్టింది. వీధి గుమ్మానికి బజారులో కొన్న ప్లాస్టిక్ బంతిపూల దండ వేలాడింది. ఏటా అంతే.

ఒకసారి అడిగేశాను. "నాది ముందర కట్టేదానికి అంత నామోషీ ఏందత్తా?"

"ముందర కడితే దారిన పోయేటోళ్లు చూస్తారు. పొద్దస్తమానం పెరట్లో పొయ్యికాడ కూర్చుండేది నేను గదమ్మా!"

తప్పించుకోవడానికే అలా అన్నదని ఇప్పటికీ నా అనుమానం. ఆమె పోయాక ఇదే మొదటి దసరా. వీధి గుమ్మం ఖాళీగా ఉంది, అడ్డు చెప్పేవాళ్లు లేరు. పొద్దుటి నుంచి తోరణం పట్టుకుని రెండు తలుపుల మధ్య తిరుగుతున్నాను.