దసరా నాడు డబ్బాకు సెలవు

తెర మీద పాల ట్యాంకు ఉష్ణోగ్రత నాలుగు డిగ్రీలని ఉంది. చూడటానికి అంతా బాగున్నట్టే. కానీ అది సాయంత్రం పాలు పోసే వేళ. అప్పుడే పితికిన వెచ్చటి పాలు పడితే ఆ అంకె కాస్తయినా పైకి కదలాలి. కదలలేదు.

నల్లగొండలో ఇంటి నుంచే నేను చేసే పని ఇది. కేతేపల్లి వైపు పాలను చల్లబరిచే ఒక కేంద్రంలో, ట్యాంకు పక్కన చిన్న కంప్యూటర్ డబ్బా ఉంటుంది. అందులో నేను రాసిన స్క్రిప్టు పాల ఉష్ణోగ్రతను ఎప్పటికప్పుడు మెసేజ్ క్యూకు పంపుతుంది. కేంద్రం ముందు జనం క్యాన్లు వరుసగా పెట్టినట్టే, ఆ క్యూలో కబుర్లు వచ్చినవి వచ్చినట్టు నిలబడతాయి. మరో ప్రోగ్రాం ఒక్కొక్కటే తీసి నా తెర మీద చూపిస్తుంది.

క్యూ తెరిచి చూశాను. ఖాళీ. తెర మీద ఉన్నది ఎప్పుడో పొద్దున వచ్చిన ఆఖరి కబురు. పాలు పాడైతే ట్యాంకరు వాళ్లు తీసుకోరు. వాటిలో మా అమ్మ పోసిన బర్రె పాలూ ఉన్నాయి.

కేంద్రం చూసుకునే అన్నకు ఫోన్ చేశాను.

"అన్నా, ట్యాంకు పక్కన డబ్బా నడుస్తున్నదా?"

"లేదు చెల్లె. ఇయ్యాల దసరా గదా, పనిముట్లకు పూజ జేసినం. ట్యాంకు బంద్ వెడితే పాలు ఖరాబైతయ్. అందుకే గీ చిన్నదానికి సెలవిచ్చినం. బొట్టు గూడ పెట్టిన, మంచిగ కనవడ్తాంది."

"జర ట్యాంకు మీటర్ చూడన్నా."

అన్న ట్యాంకు దగ్గరికి వెళ్లి చూశాడు. "పన్నెండు డిగ్రీలు దాటింది చెల్లె. ఇందాక కరెంటు పోయొచ్చింది, పాలు సల్లవెట్టే మిషన్ మళ్ల చాలు కాలే." స్విచ్ వేసిన చప్పుడు, వెనకే మోటారు మోత వినిపించాయి. "ఫికర్ జెయ్యకు, పాల వాసన మంచిగనే ఉంది. డబ్బా గూడ చాలు జేస్తున్న. బొట్టు తుడవాల్నా?"

"బొట్టు ఉండనియ్యి. వైరు మాత్రం పీకకు."

అంకె మళ్లీ నాలుగుకు దిగేదాకా నేను కుర్చీలోంచి లేవలేదు. జమ్మి ఆకు పట్టుకొచ్చిన వాళ్లకు మా ఆయనే చాయ్ పోశాడు. ఆ తర్వాత కొన్ని లైన్లు కొత్తగా రాశాను. ఇక మీదట క్యూకు కాసేపు కబురు రాకపోతే నా ఫోన్ మోగుతుంది.

మర్నాడు పొద్దున పిల్లలు మేనత్త ఇంటికి బయలుదేరారు.

"ఏమన్నా అయితే ఫోన్ చేస్తం మమ్మీ," అంది పెద్దది.

"ఏం కాకున్నా చెయ్యిండ్రి."

"ఏం కాకపోతే ఏం చెప్పాలె?" అన్నాడు చిన్నోడు.

"ఏం కాలేదని చెప్పుండ్రి బిడ్డా," అన్నాను.